కొంగుముడీ, కాల్చే నోటూ

ఈమధ్య మా అబ్బాయి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, "అమ్మా, అచ్చంగా నీకోసమే రాసినట్టుంది, చదువు" అన్నాడు. తల్లికి పుస్తకాలు కొనిపెట్టే కొడుకులు ఎంతమంది వుంటారు చెప్పండి! మురిసిపోయాను. అట్టమీద పేరు చూశాక ఆ మురిపెం సగానికి సగం తగ్గింది. 'ఇన్‌డిస్ట్రాక్టబుల్' అట. ధ్యాస చెదరనివాళ్ళు అని చెప్పుకోవచ్చు. అంటే నా ధ్యాస చెదిరిపోయిందని మావాడి అభిప్రాయమన్నమాట.

కాదనడానికి నాకు నోరు రాలేదు. రెండు సంక్రాంతుల కిందట, ఇంటిల్లిపాదీ వుండగా, "అమ్మ పాటలన్నీ రాసిపెడతాను" అని గొప్పగా చెప్పి, రెండువందల పేజీల గట్టి అట్ట నోటుబుక్కు కొన్నాను. మా అమ్మకి ఎనభై నాలుగేళ్ళు. నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు, మేలుకొలుపులు, లాలిపాటలు - ఎన్నొచ్చో ఆవిడకే లెక్క తెలీదు. కొన్ని మా అమ్మమ్మ తన అత్తగారి దగ్గర నేర్చుకున్నవి, ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. మొదటి పేజీలో 'శ్రీ' చుట్టి, నాలుగు మూలలా పసుపు పెట్టాను. రెండో పేజీలో పాటన్నర రాశాను. మూడో పేజీలో ఇస్త్రీ బట్టల లెక్క వుంది.

మొన్న శ్రావణమాసంలో మా పిన్ని మనవరాలి పెళ్ళిలో అప్పగింతల పాట పాడుతూ పాడుతూ అమ్మ మూడో చరణం దగ్గర ఆగిపోయింది. నావంక చూసి, "తర్వాత ఏమిటే?" అంది. నాకు రాదు. అక్కడ ఎవరికీ రాదు. వీడియో తీస్తున్న కుర్రాడు "పరవాలేదు మామ్మగారూ, ఇంతవరకూ చాలు" అన్నాడు.

ఆ మర్నాడే పుస్తకం తెరిచాను. కనక నా విమర్శలో కాస్త స్వార్థం కూడా వుంటుంది, ముందే చెప్పేస్తున్నాను.

రాసినాయన పేరు నిర్ ఇయాల్. పుస్తకం 2019లో వచ్చింది. తమాషా ఏమిటంటే ఈయనే 2014లో 'హుక్డ్' అని ఇంకో పుస్తకం రాశాడు. జనం ఒక వస్తువుని పట్టుకుంటే వదలకుండా వుండేలా దాన్ని ఎలా తయారు చెయ్యాలో అందులో కంపెనీలకి పాఠం చెప్పాడు. ఇప్పుడు వదిలించుకునే విద్య మనకి చెబుతున్నాడు. పిల్లని గిల్లి ఉయ్యాల ఊపడమంటే ఇదే కదా అనిపించింది. మంచి అలవాట్లు చేయించే వస్తువుల కోసమే ఆ మొదటి పుస్తకం రాశానని ఆయన అంటాడు. అనుకోనివ్వండి.

ఆ విద్యకి మూలపురుషుడు స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త. పావురాల చేత మీట పొడిపించేవాడు. పొడిచినప్పుడల్లా గింజ పడితే పావురం కడుపు నిండేదాకా పొడిచి వూరుకుంటుంది. గింజ ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు పడదో తెలియకుండా చేస్తేనో, అలుపూ సొలుపూ లేకుండా పొడుస్తూనే వుంటుంది. ఫెర్‌స్టర్ అనే సహచరుడితో కలిసి 1957లో ఇదంతా లావుపాటి గ్రంథంగా అచ్చువేశాడు. మనం ఫోను తీసి ఏమీ లేదని పెట్టేసి, రెండు నిమిషాలకి మళ్ళీ తీసి చూస్తున్నామే, ఆ పావురం మనమే. మా ఆడపడుచు పంపే 'శుభోదయం' పువ్వుల బొమ్మల మధ్య ఎప్పుడో ఒకసారి మనవడి ఫొటో వస్తుంది. ఆ ఒక్క గింజ కోసం రోజంతా పొడుస్తాం.

అయితే ఇయాల్ తప్పంతా ఫోనుదే అనడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. ధ్యాస చెదరడం లోపలి ఇబ్బందితో మొదలవుతుందంటాడు. విసుగో, భయమో, ఒంటరితనమో, దేన్నుంచో తప్పించుకోవడానికే చెయ్యి ఫోను మీదకి పోతుందట. యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఒకావిడ కథ చెప్పాడు. అడుగులు లెక్కపెట్టే చిన్న యంత్రం కొనుక్కుని, దానిమీద పిచ్చి ముదిరి, అర్ధరాత్రి లేచి నేలమాళిగ మెట్లు ఎక్కుతూ దిగుతూ వుండిపోయిందట. పైకి చూస్తే యంత్రం మాయ. అసలు సంగతి, ఆవిడ కాపురం అప్పటికి కూలిపోయే స్థితిలో వుంది. పుస్తకం మొత్తంలో మనసుకి పట్టిన కథ ఇదే. ఇలాంటివి ఇంకో నాలుగు చెప్పి, చిట్కాలు ఓ నలభై తగ్గిస్తే బాగుండేది.

చిట్కాల్లో ఒకటి వినండి. ఈయన రోజూ వ్యాయామం చెయ్యాలనుకున్నాడు. కుదరలేదు. గోడ క్యాలెండరుకి వంద డాలర్ల నోటు అంటించి, పక్కనే అగ్గి వెలిగించే లైటరు పెట్టుకున్నాడు. వ్యాయామం చెయ్యని రోజున ఆ నోటు తగలబెట్టాలి. అదీ ఒప్పందం! నోటు కాలకుండానే మిగిలిందట.

ఇది చదివి అమ్మకి చెప్పాను. వత్తులు చేస్తున్నదల్లా చెయ్యి ఆపేసి, "లక్ష్మిని కాలుస్తాడా! వాడికి పెద్దవాళ్ళు లేరూ?" అంది. కాసేపాగి, "ముడుపు కట్టుకోమనలేకపోయావా?" అంది.

అమ్మ మాట తీసెయ్యడానికి వీల్లేదు. మన ముడుపు పని అయితే చెల్లించేది. ఆయనది పని కాకపోతే కాల్చేది. రెండూ ఒకటి కావు. నష్టపోతామన్న భయానికే బలం ఎక్కువంటారు శాస్త్రజ్ఞులు. పొగతాగడం మాన్పించడానికి అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2015లో అచ్చయింది. మానేస్తే బహుమతి ఇస్తామన్నారు కొందరికి. ఇంకొందరిని సొంత డబ్బు నూటయాభై డాలర్లు ముందే కట్టమన్నారు. మానేస్తే అదీ వస్తుంది, పైన బహుమతీ వస్తుంది. మానకపోతే కట్టింది పోతుంది. సొంత డబ్బు కట్టినవాళ్ళలో సగానికి పైగా మానేశారు. బహుమతికి ఒప్పుకున్నవాళ్ళలో అంతమంది మానలేదు. భలే అనిపిస్తుంది కదూ? కానీ ఆ పరిశోధనలోనే ఇంకో లెక్క వుంది. బహుమతికి నూటికి తొంభైమంది సరేనన్నారు. సొంత డబ్బు కట్టడానికి ఒప్పుకున్నవాళ్ళు నూటికి పధ్నాలుగు మందైనా లేరు. మొత్తంమీద లెక్కవేస్తే బహుమతి పద్ధతిలోనే ఎక్కువమంది మానేశారు. నోటు క్యాలెండరుకి అంటించగల గుండె వున్నవాడు సగం దారి అప్పటికే నడిచేసినట్టు. నాబోటి వాళ్ళం అంటించడం దగ్గరే ఆగిపోతాం. పైగా, నోటు ఎవరిది? ఇంటిఖర్చులో మిగిల్చి పోపులడబ్బాలో దాచుకున్న అయిదువందల నోటు కాల్చమంటే ఎవరు కాలుస్తారు?

నన్ను నవ్వించిందీ, ఒళ్ళు మండించిందీ కిరీటం సంగతి. ఇయాల్ భార్య ఇంట్లో కూచుని పని చేసుకునేటప్పుడు దీపాలు మెరిసే ఒక తలకట్టు పెట్టుకుంటుందట. దాన్ని వాళ్ళు ధ్యాస కిరీటం అంటారు. కిరీటం తలమీద వుంటే చిన్నపిల్ల కూడా అమ్మని పలకరించకూడదని అర్థం. ఆసుపత్రుల్లో మందులు ఇచ్చే నర్సులు 'పలకరించకండి' అని రంగుచొక్కా తొడుక్కుంటే తప్పులు బాగా తగ్గాయని, దాన్నుంచి ఈ ఆలోచన లాగాడు. నర్సుల సంగతి సబబే. మన ఇళ్ళలో ఊహించండి. మూడింటికి నేను దీపాల కిరీటం పెట్టుకుని వరండాలో కూచుంటాను. మావారు వస్తారు. "ఏమిటోయ్ ఇది, దసరా వేషమా?" అంటారు. "సరేగానీ, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?" అంటారు. పాలవాడు నవ్విపోతాడు. ఎదురింటావిడ కొలతలు అడుగుతుంది, వాళ్ళ మనవరాలి ఫ్యాన్సీ డ్రెస్సుకి.

ధ్యాస చెదిరేది లోపలనుంచే అని చెప్పే పుస్తకం ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి సగం నిజమే చెబుతుంది. మా గంట మాది కాదు. గ్యాసు అబ్బాయి, కొరియరు, కుక్కరు కూత, "అమ్మా, నా సాక్సులు" - ఇవేవీ నా మనసులో పుట్టినవి కావు. రోజుని గడులు గడులుగా గీసుకుని ఏ గడిలో ఏ పనో రాసుకోమంటాడు. నా గడుల్లోకి ఎవరు పడితే వాళ్ళు చెప్పులు విప్పకుండా వచ్చేస్తుంటే ఏం గీసుకోను?

ఇలా తిడదామని కూచుంటే ఒక అధ్యాయం అడ్డొచ్చింది. ఇంటిపనంతా భార్యే చేస్తోందన్న గ్రహింపు తనకి లేదని ఇయాల్ ఒప్పుకున్నాడు. ఇద్దరూ కూచుని ఎవరు ఏ పని చేస్తున్నారో జాబితా వేస్తే, ఆవిడది ఎంతకీ తెగలేదట. సిగ్గుపడి పంచుకున్నారు. అందుకు మాత్రం ఆయనకి నమస్కారం. మావారి చేత ఆ అధ్యాయం చదివించాను. చదివి, "బాగానే రాశాడు" అన్నారు. మర్నాటినుంచి సాయంత్రం కాఫీ ఆయనే కలుపుతున్నారు. డికాషను పల్చనే, అయినా తాగుతున్నాను.

ఇంకో మంచి మాట కూడా వుంది, అది ఇయాల్ సొంతమేమీ కాదు. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1999లో రాసిన వ్యాసం దీనికి ఆధారం. 'పాటలు రాస్తాను' అనుకుంటే చాలదు. ఫలానా వేళ, ఫలానా చోట, ఫలానాది జరగగానే ఇది చేస్తాను అని అనుకుంటే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందట. చదవగానే నాకు పూజలో చెప్పే సంకల్పం గుర్తొచ్చింది. ఏ నదుల మధ్య వున్నామో, ఏ సంవత్సరమో, ఏ తిథో, ఏ వారమో, ఎవరమో, ఎందుకు చేస్తున్నామో అంతా చెప్పుకున్నాకే కదా చేతిలో నీళ్ళు వదులుతాం! మన నోముల్లోనూ అంతే. ఇన్నేళ్ళు, ఇన్ని వారాలు, ఇంతమంది ముత్తయిదువులు, చివర ఉద్యాపన. 'వీలైనప్పుడు చేస్తాను' అన్న నోము లేదు. అలాగని మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసని భుజాలు చరుచుకోవడం నాకు కిట్టదు. నోములో ఒకవారం తప్పితే ఏదో అయిపోతుందని ఎంతమంది ఆడపిల్లలు హడలిపోలేదు? లండన్‌లో ఫిలిపా లాలీ అనే ఆవిడ 2010లో తొంభై ఆరుమంది మీద చేసిన పరిశోధనలో అలవాటు పడటానికి కొందరికి పద్ధెనిమిది రోజులు చాలింది, కొందరికి రెండువందల యాభై నాలుగు పట్టేలా తేలింది. మధ్యస్థం అరవై ఆరు. మధ్యలో ఒకరోజు తప్పినంతమాత్రాన పెద్దగా చెడిందేమీ లేదని కూడా తేలింది. ఈ కబురు మన కథల పుస్తకాల్లో వుండివుంటే ఎంత బాగుండేది!

అన్నీ అన్నాక నా సంగతి కూడా చెప్పాలి. పుస్తకం పూర్తిచేసిన వారం నన్ను నేను గమనించుకున్నాను. ఒక మంగళవారం ఇంట్లో ఎవరూ లేరు. మావారు బ్యాంకుకి వెళ్ళారు. గ్యాసు రాలేదు, కుక్కరు కుయ్యలేదు. గంటా పదినిమిషాలు అచ్చంగా నావే. ఆ గంటా పదినిమిషాలూ ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి కంద బచ్చలి కూర చెయ్యడం చూస్తూ కూచున్నాను. నాకు ఆ కూర నలభై ఏళ్ళుగా వచ్చు. పక్కగదిలో అమ్మ మెలకువగానే వుంది.

ఎందుకు వెళ్ళలేదు? యేల్ ఆచార్యురాలి మెట్ల కథ అప్పుడు గుచ్చుకుంది. నోటుబుక్కు పట్టుకుని వెళ్తే అమ్మ మళ్ళీ ఎక్కడో ఆగిపోతుంది. "తర్వాత ఏమిటే?" అంటుంది. అది వినలేక కంద బచ్చలి చూస్తున్నాను. కాబట్టి ఈ ఒక్క విషయంలో ఇయాల్ గారితో నాకు పేచీ లేదు.

ఆయన చిట్కాల్లో నాకు పనికొచ్చినవి మాత్రం తక్కువే. స్కిన్నర్ తన ముసలితనంలో, మార్గరెట్ వాన్ అనే ఆవిడతో కలిసి 1983లో 'ఎంజాయ్ ఓల్డ్ ఏజ్' అని ఒక చిన్న పుస్తకం రాశాడు. దాంట్లో మాట ఒకటి ఇంతకన్నా నయం. వాన వస్తుందని రేడియోలో వింటే, గొడుగు పట్టుకెళ్ళాలి అని గుర్తుంచుకోవద్దు, వినగానే లేచి గొడుగుని తలుపు పిడికి తగిలించెయ్యి అంటాడు. తిట్టడు, నోటు కాల్చమనడు. మా అమ్మ కొంగుకి ముడి వేసుకునేది, అదీ ఇదే. నేను నోటుబుక్కు తీసుకెళ్ళి అమ్మ వక్కల పెట్టె మీద పెట్టాను. భోజనమయ్యాక వక్క కావాలంటే నోటుబుక్కు ఎత్తాల్సిందే. ఎత్తినావిడ ఊరుకోదు కదా, "ఏమే, రాస్తావా?" అంటుంది. ఫోను మాత్రం మూడింటికి బియ్యం డబ్బాలోకి పోతుంది, పైన మూత, మూతమీద కందిపప్పు డబ్బా.

ఇస్త్రీ లెక్క వున్న పేజీ చించలేదు, అలాగే వుంచాను. దానివెనక ఇప్పటికి ఇరవై మూడు పాటలయ్యాయి. తొమ్మిదింటికి చివరి చరణాలు లేవు. అక్కడ నాలుగేసి గీతలు ఖాళీ వదిలాను. అప్పగింతల పాట మూడో చరణం నిన్న పొద్దున్న కూర తరుగుతూ వుండగా అమ్మకి దానంతటదే గుర్తొచ్చింది. నోటుబుక్కు అందుబాటులో లేక పాలపాకెట్టు మీద రాశాను.