మీటుట యందలి మర్మము

పియానో ప్రాబల్యము పొందుటకు పూర్వము మూడు శతాబ్దములపాటు ఐరోపా రాజాస్థానములందును సంపన్న గృహములందును వర్ధిల్లిన హార్ప్సికార్డ్ అను తంత్రీవాద్యమును, కర్ణాటక సరిహద్దునందలి చిరాగ్‌పల్లి వంటి గ్రామములో నుండువారు కన్నులార చూచుట అరుదు, రికార్డులలో వినవలసినదే. విన్నవారికి మాత్రము అది పియానోకన్న మన వీణకే దగ్గరి చుట్టమని తోచును. పియానోలో సుత్తి తంత్రిని కొట్టును; ఇందులో తంత్రిని మీటుట జరుగును.

హార్మోనియమునకున్నట్లే వరుసగా అమర్చిన మీటలలో నొకదానిని వ్రేలితో నొక్కగా, దాని ఆవలికొనమీద నిలిచిన సన్నని కొయ్యబద్ద పైకి లేచును. ఆ బద్దనుండి పొడుచుకొనివచ్చిన ఈకకాడ తంత్రిని మీటి దాటిపోవును. వ్రేలెత్తినంతనే బద్ద దిగును. దిగునపుడు ఈక మరల మీటినచో స్వరము రెండుమారులు పలికి సంగీతమంతయు చెడిపోవును గదా! అందుచేత ఈకను ధరించిన చిన్న నాలుక వెనుకకు ఒరిగి, తంత్రిని ఒరసికొని జారి, పందివెండ్రుకతో చేసిన స్ప్రింగు బలమున యథాస్థానమునకు వచ్చును. ఆపై బద్దకు తగిలించిన ఉన్నిగుడ్డ తంత్రిపై నాని నాదమును అణచును. ఇంతటి సూక్ష్మమైన యుక్తిని కల్పించిన అజ్ఞాత శిల్పులకు నమస్కరింపవలెనని నాకనిపించును.

అయితే ఎంత గట్టిగా నొక్కినను ఈక ఇంచుమించు ఒకే బలముతో మీటును. మీటిన నాదమా, త్వరలోనే క్షీణించును. ఈ కొరతనుండియే ఆ వాద్యమునకు శోభ కలిగినది. స్వరము మాయకముందే దానిని పక్కస్వరముతో కలిపి కంపింపజేయు అలంకారములను వాదకులు పెంపొందించిరి. ఫ్రెంచి సంగీతకర్త ఫ్రాన్సువా కూపరాన్ 1716లో వాదనకళపై ప్రత్యేక గ్రంథమునే వెలువరించెను.

మన వైణికులకును ఎదురైనది ఈ క్షీణించు నాదమే, కాని వారు వేరొక త్రోవ త్రొక్కిరి. వీణలో ఒక్కమారు మీటి, మెట్టుపైనున్న తంత్రిని ఎడమచేతితో పక్కకు లాగినచో, మరల మీటకయే పైస్వరములు పుట్టును. గమకమునకు ఇదియే ప్రాణము. తంత్రి బిగువును వ్రేలు మార్చుటవలన ఇది సాధ్యము. మీటకు ఆవల దూరమున నున్న తంత్రిని తాకలేని హార్ప్సికార్డ్ వాదకునికి ఈ భాగ్యము లేదు.

బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులైన శిల్పులు ఒకే పనసదుంగను తొలిచి వీణను చేయుదురు. దండిపై 24 ఇత్తడి మెట్లను నల్లని మైనములో నిలుపుదురు. చెవి ఒప్పుకొనువరకు మెట్టును వెండ్రుకవాసి జరుపుటకు ఆ మైనమే అనువు. నాలుగు తంత్రులు వాదనకు, మూడు తాళశ్రుతులకు. తంత్రులను మోయు గుఱ్ఱముపై లోహపు రేకు స్వల్పముగా వంపు తిరిగియుండును. వీణనాదములోని ఆ సన్నని ఝంకారము ఇచ్చటనే జనించును. తంత్రిని ఒకచోట మీటినచో ఏ అతిస్వరములు పుట్టరాదని శాస్త్రము చెప్పునో, అవియే వీణలో బలముగా వినవచ్చుచున్నవని సి.వి. రామన్ 1921లో చూపి, అందుకు ఆ వంపే కారణమనెను. శిల్పి చెవితో కనుగొన్నదానిని శాస్త్రజ్ఞుడు శతాబ్దముల తరువాత ప్రయోగముతో గ్రహించెనన్నమాట.

ద్రాక్షారామమున జన్మించిన వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారును, వారి శిష్యుడైన కాకినాడ చిట్టిబాబుగారును ఈ ఒక్క మీటునుండి పిండిన భావసంపద అపారము. కాని సభలలో మైకులద్వారా పెంచిన శబ్దములో గుఱ్ఱపు ఝంకారము మొరటుదేరి, గమకపు తుదిభాగము కలగాపులగమగుచున్నది. హార్ప్సికార్డ్ వలెనే వీణయు చిన్న గదికి తగిన వాద్యము. కచేరీలు ఏర్పాటు చేయువారు ఏడాదికొక్కటియైనను నలుబదిమంది పట్టు గదిలో, మైకు లేకుండ, వీణను వినిపింతురు గాక!