బూడిదలో నిలిచిన దొడ్డి

గుడికి శాసనం ఉంటుంది, కోటకు బురుజు ఉంటుంది. వదిలేసి వెళ్లిపోయిన పశువుల దొడ్డికి ఏం మిగులుతుంది? మహానందిలో నందికి దండం పెట్టుకుని, నంద్యాల, కర్నూలు మీదుగా తుంగభద్ర దాటితే కృష్ణా, తుంగభద్రల మధ్య నేల అయిన నడిగడ్డ వస్తుంది. అక్కడి ఉత్నూరు బూడిద దిబ్బ ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది.

ఇటువంటి దిబ్బలు అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లోనూ ఉన్నాయి. హంపి దగ్గరి దిబ్బను వాలిని దహనం చేసిన చోటని జనం చెప్పుకుంటారు. కొందరు పండితులు వీటిని ఇనుము కరిగించిన కొలుముల చిట్టెం అనుకున్నారు. ఇది కాలిన పేడేనని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ పందొమ్మిదో శతాబ్దంలోనే పసిగట్టాడు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ ఉత్నూరులో తవ్వాడు. ఇటువంటి దిబ్బల బూడిదను జ్యూనర్ అనే శాస్త్రవేత్త పరీక్షించాడు. దాంతో వాదం తేలిపోయింది. పశువు తిన్న గడ్డిలోని సిలికా పేడలో చేరుతుంది. మంట బాగా ముదిరితే అది కరిగి గాజులా గడ్డకడుతుంది. దిబ్బలో కనిపించే చిట్టెం అదే.

ఇక దొడ్డి కట్టిన తీరు చూడండి. తాటి జాతి చెట్ల మొద్దులను నిలువునా నేలలో పాతి కోటలా కట్టారు. లోపలి ఆవరణ పశువులది. దాని చుట్టూ మరో వరస మొద్దులు. ఈ రెండింటి మధ్య మనుషుల కాపురం. అడవి మృగం వచ్చినా, దొంగ వచ్చినా ముందు ఎదురయ్యేది మనిషే. మంద బెదిరి తోసుకొస్తే ఆపాల్సింది లోపలి మొద్దుల వరస. ఏ కాపరైనా ఈ అమరిక చూసి తల ఊపుతాడు.

ఆ మొద్దుల్లో ఒక్కటీ ఇప్పుడు లేదు. అవి నిలిచిన గుంతలే ఉన్నాయి. కర్ర పోయినచోట వేరే రంగు మట్టి నిండింది. ఆ తేడా పట్టుకుని గుంత వెంట గుంత గీసుకుంటూ పోతే దొడ్డి నక్షా మొత్తం తేలింది. ఇంకా దగ్గరగా చూస్తే నేల మీద గిట్టల అచ్చులు. తడి మట్టిలో పశువులు తొక్కిన గుర్తులను పైన పడ్డ బూడిద నాలుగు వేల ఏళ్లకు పైగా కాపాడింది.

ఆ మొద్దులను కొట్టినవాళ్లకు ఇనుము తెలియదు. వాళ్ల చేతిలో ఉన్నది రాతి గొడ్డలి. నల్లరాయిని ముందు పెచ్చులుగా కొట్టి, తర్వాత మెల్లగా పొడిచి, చివరికి బండ మీద రోజుల తరబడి అరగదీస్తేగాని దానికి అంచు రాదు. పీచు గట్టిగా ఉండే తాటి మానును దాంతో పడగొట్టి, మోసుకొచ్చి, పాతడమంటే ఎన్ని చేతుల పనో ఊహించుకోవచ్చు. అలా కట్టిన దొడ్డి కాలిపోయింది. మళ్లీ అక్కడే కట్టారు. అదీ కాలింది, మళ్లీ కట్టారు. దిబ్బ పొరలు చెప్పే కథ ఇదే.

ఇన్నిసార్లు కాలడం ప్రమాదం కాదనుకుంటే, ఎందుకు కాల్చారు? మంద మేతకు కదిలే రుతువుల్లో పండుగలా మంట పెట్టేవారేమోనని ఆల్చిన్ ఊహించాడు. సంక్రాంతికి పశువులను మంట దాటించే ఆచారం ఆయన దృష్టిలో ఉంది. తర్వాత కర్ణాటకలోని బుదిహాళ్‌లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్యకు దిబ్బ పక్కనే ఊరి ఆనవాళ్లు కనిపించాయి. అంటే వీళ్లంతా ఉత్త సంచారులు కారు. మన కుందూ, పెన్నా లోయల్లో, రూపనగుడి, హనుమంతరావుపేట వంటి చోట్ల దొరికిన మాడిన గింజలూ ఆ కాలపు సేద్యానికే సాక్ష్యం. ఉలవ, పెసర, అండుకొర్ర. వాన తక్కువ పడే నేలకు తగ్గ పైర్లను ఏరుకోవడంలోనూ వాళ్ల పనితనం ఉంది.

ఈ బూడిదను ఎరువు కోసం పొలాలకు తోలుకుపోవడంతో చాలా దిబ్బలు కరిగిపోయాయి. బండ్లకెత్తిన ప్రతి తట్టలోనూ మొద్దుల గుంతలు, గిట్టల అచ్చులు చెదిరిపోతాయి. రాసిపెట్టడం తెలియని రైతు వదిలిన దస్తావేజు ఇది. గుడి గోడ మీది శాసనానికి ఇచ్చే కాపలా దీనికీ ఇవ్వాలి.