16, 12

తిరుపతి చుట్టుపక్కల ‘బ్రహ్మ కడిగిన పాదము’ రానివాళ్లు అరుదు. కంఠతా వచ్చే పాటకు మాత్రలు లెక్కగట్టడం దేనికని అడిగేవాళ్లున్నారు. నా మటుకు నాకు అందులో అన్నమయ్య పనితనమంతా ‘పాదము’ అన్న మాటను ఒకచోట రానివ్వకుండా ఆపడంలో కనిపిస్తుంది. అది తెలియాలంటే లెక్క వేయక తప్పదు.

ప్రతి చరణంలోనూ 16 మాత్రల పంక్తి, దాని వెనక 12 మాత్రల పంక్తి, మళ్లీ అదే వరస. నాలుగేసి మాత్రల నడక. ప్రాస మొదటి చరణంలో ‘ల’, రెండోదాంట్లో ‘మ’, మూడోదాంట్లో ‘ర’. ప్రాసకు ముందున్న అక్షరం మొదటి, మూడో చరణాల్లో లఘువు, రెండోదాంట్లో గురువు, ఎక్కడా తప్పలేదు. పెద్ద పంక్తులు ఆరింటిలోనూ ఎనిమిది మాత్రలు గడిచాక యతి పడుతుంది. మొట్టమొదటి పంక్తిలో అది ఒక మాట నడుమ పడుతుంది కనుక వినేవాళ్లు పట్టుకోలేరు, కానీ ఉంది. ఇక చిన్న పంక్తుల్లో యతిస్థానంలో నిలిచేది ‘పాదము’లోని ‘పా’యే. అంటే పదేపదే వచ్చే ఆ మాట పంక్తి చివర తగిలించిన తోక కాదు, ఛందస్సు దాని మీదే ఆనుకుంది. మొదటి రెండు చరణాల్లో ఎనిమిది పంక్తులూ ఆ మాటతోనే ముగుస్తాయి. వామనుడు, బలి, అహల్య, కాళియుడు, కల్కి గుర్రం, పంక్తికో కథ. మూడో చరణానికి వచ్చేసరికి పెద్ద పంక్తులు రెండూ ఆ మాట లేకుండానే దాటిపోతాయి. 16కే వస్తుందనుకున్నది 28 మాత్రలకు గానీ రాదు. యోగులూ వేంకటగిరీ వచ్చేది ఆ నిడివిలోనే.

మాట కుదరక వదిలేశాడేమో అనవచ్చు. కుదరకపోతే ముందు సడలేవి ప్రాసా మాత్రలే. అవి రెండూ చివరిదాకా బిగువుగానే ఉన్నాయి, సడలింది పంక్తి ముగింపు ఒక్కటే. అందుకే దీన్ని కావాలని చేసిందనే నమ్ముతాను. పాటను కాగితం మీద కొలవడమేమిటి, గాయకుడు సాగదీస్తే మాత్రలేం మిగులుతాయన్న అభ్యంతరం ఇంకా బలమైనది. నిజమే, బాణీ మారితే నిడివి మారుతుంది. కానీ ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుందిగాని స్వరం లేదు. ఇప్పుడు మనం వినే బాణీలు తర్వాతివాళ్లు కట్టినవి. 1503లో అన్నమయ్య పోయాక ఆయన చేతిదిగా మనకు మిగిలింది అక్షరాల కూర్పే, ఏ బాణీలో పాడినా అది చెక్కుచెదరదు. పాటకు లక్షణం చూడటం భక్తికి అడ్డనుకుంటే, మనవడు చిన తిరుమలాచార్యుడు ‘సంకీర్తన లక్షణము’ రాసేవాడే కాదు. రేకుల్లో దొరికిన పాటలు పన్నెండు వేలకు పైమాటే. పునరుక్తిని కట్టి చివరి చరణంలో ఇలా విప్పినవి వాటిలో ఇంకెన్ని ఉన్నాయో ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి.