మల్లేశ్వరం: ఇంటి వెనక పనితనం

బెంగళూరు మల్లేశ్వరంలో ఇళ్ల ముందుభాగం చూసి ఆగిపోకండి. అసలు పనితనం వెనకవైపూ, లోపలా కూడా ఉంది.

పేటకు పేరిచ్చిన కాడు మల్లేశ్వర ఆలయం పాతది. అక్కడ 1669 నాటి, మరాఠా పాలకుడు ఏకోజీ శాసనం ఉంది. పేట మాత్రం ప్లేగు భయం పెంచినది. 1898లో ఆ జబ్బు నగరాన్ని చుట్టుముట్టాక, గాలీ వెలుతురూ సరిగా రాని పాత పేటలను వదిలి జనం మల్లేశ్వరానికీ బసవనగుడికీ కదిలారు.

అందుకే ఇక్కడి ప్లానులో ప్రతి గీతా గాలి కోసమే గీసినట్టుంటుంది. ఉత్తర దక్షిణాలుగా మెయిన్ రోడ్లు, వాటికి అడ్డంగా క్రాస్ రోడ్లు. ఇళ్ల వరుసల మధ్య, వీపు వీపు కలిసేచోట, సన్నని సందు. దాంతో ప్రతి ఇంటికీ ముందూ వెనకా గాలి ఆడుతుంది. కానీ ఆ సందు వేసింది మరుగుదొడ్లు శుభ్రం చేసేవారు వచ్చిపోవడానికి. ఆ మనుషుల్ని వీధి కంటపడకుండా దాచిన ఏర్పాటు కూడా అదే. ఈ సంగతి చెప్పకుండా ఆ ప్లానును మెచ్చుకోలేను. ఇప్పుడు కొన్ని సందుల్ని బాగుచేసి, గోడలకు బొమ్మలు వేసి, నడకదారులుగా మార్చారు.

ఇక ఇల్లు. మంగుళూరు పెంకు, ముందు వరండా, కిటికీల మీద కోసుగా ముందుకు పొడుచుకొచ్చిన చెక్క చూరు. దీన్ని మంకీ టాప్ అంటారు. దాని నిలువు చెక్క పట్టీల మధ్య నుంచి గాలి వస్తుంది. ఎండా వానజల్లూ చాలావరకు బయటే ఆగుతాయి. ఒకే చెక్కపనితో నీడా, గాలీ, చాటూ సాధించిన వడ్రంగి తెలివి నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది.

అంతకన్నా నాకిష్టం ఎర్ర గచ్చు. సిమెంటులో ఎర్ర రంగుపొడి కలిపి పరిచి, తడి ఆరేలోగా మేస్త్రి తాపీతో రుద్ది రుద్ది నునుపు తేల్చాలి. ఆలస్యమైతే మరక, తొందరపడితే గీత. పలకల్లా ఒకటి తీసి ఇంకొకటి పెట్టే వీల్లేదు. పగిలినచోట అతుకు వేస్తే రంగు కలవదు. కానీ ఏళ్ల తరబడి తుడిచి, నడిచిన గచ్చుకు వచ్చే నిగ్గు కొత్త పలకకు రాదు.

ఈ ఇళ్లు ఒక్కొక్కటీ కూలి అపార్ట్‌మెంట్లవుతున్నాయి. అలాంటి ఇల్లు మీ చేతిలో ఉంటే, కూల్చే నిర్ణయానికి ముందు పాత పని తెలిసిన మేస్త్రిని ఒక్కసారి పిలిచి చూపించండి.