పల్లవి దాకా ఎక్కే మెట్లు

మన సినిమా పాటలో పల్లవి ముందే వచ్చేస్తుంది. తియ్యటి ముక్క మొదటే చేతిలో పెట్టేసి, తర్వాత చరణాల వైపు నడిపిస్తారు. మెలోడిక్ రాక్‌లో వరస తిరగబడుతుంది. చరణం ముందు, పల్లవి తర్వాత. వినేవాణ్ణి ఎంతసేపు ఊరించి పల్లవి దగ్గరికి చేర్చాలన్నదే అక్కడి పాట కట్టేవాడి పనితనం. జర్నీ బృందం 1981లో తెచ్చిన ‘ఎస్కేప్’ ఆల్బమ్‌లో మొదటి పాట ‘డోంట్ స్టాప్ బిలీవిన్’. నాలుగు నిమిషాల పైచిలుకు పాటలో అసలు పల్లవి వినిపించేది మూడు నిమిషాలు దాటాకే. అప్పటిదాకా జొనథన్ కేన్ పియానో, స్టీవ్ పెరీ గొంతు, నీల్ షాన్ గిటార్ ఒకదాని వెనక ఒకటి ఎక్కుతూనే ఉంటాయి. పల్లవి అందుకున్నాక కాసేపటికే పాట అయిపోతుంది. అందుకే చాలామంది దాన్ని వెంటనే మళ్లీ పెట్టుకుంటారు.

గిటార్ రాక్‌లా గర్జించాలి, పాట మాత్రం ఇంట్లో అందరూ పాడుకునేలా ఉండాలి. డెబ్భైల్లో అమెరికా ఎఫ్.ఎం. రేడియో చుట్టూ పెరిగిన ఈ పద్ధతిని విమర్శకులు ‘కార్పొరేట్ రాక్’ అని ఎద్దేవా చేశారు. సరుకు అమ్ముడుపోయిన మాట నిజమే. అది అంత సులువుగా తయారైందనుకోవడమే పొరపాటు.

చరణానికీ పల్లవికీ మధ్య వీళ్లు చిన్న వంతెన భాగం ఒకటి పెడతారు. కీర్తనలో అనుపల్లవి పై స్థాయికి ఎగసినట్టు ఇక్కడా రాగం పైకి వెళ్తుంది, మాటలు దగ్గరపడతాయి, డ్రమ్ములు చిక్కబడతాయి. చాలా పాటల్లో ఆ భాగాన్ని పంచమం మీద కట్టిన కార్డు దగ్గర ఆపేస్తారు. చెవి షడ్జమం కోసం వెతుక్కుంటుంది. అది దొరికిన క్షణంలోనే ఒక్క గొంతు కాస్తా పది గొంతులవుతుంది. ఇక చివరి పల్లవికి శ్రుతినే మార్చేసే అలవాటు ఒకటుంది. కచేరీ మొదలు నుంచి మంగళం దాకా ఒకే శ్రుతిని పట్టుకునే మన చెవికి ఇది కాస్త దుడుకుగానే తోస్తుంది. బాన్ జోవి 1986 పాట ‘లివిన్ ఆన్ ఎ ప్రేయర్’లో చివర శ్రుతి ఏకంగా షడ్జమం నుంచి సాధారణ గాంధారం దాకా దూకుతుంది. ఆ మలుపు దగ్గర నాలుగు దెబ్బల లెక్కలో ఒక దెబ్బను కూడా మింగేశారు. అందుకే ఎన్నిసార్లు విన్నా అది మనకంటే ఒక అడుగు ముందే వచ్చేసినట్టు ఉంటుంది.

ఈ విద్యకు పాఠ్యపుస్తకం కావాలంటే బోస్టన్ బృందం 1976లో తెచ్చిన మొదటి ఆల్బమ్ చాలు. దాన్ని తయారుచేసిన టామ్ షోల్జ్ ఎం.ఐ.టి.లో చదివి పోలరాయిడ్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తున్నవాడు. మసాచుసెట్స్ రాష్ట్రం వాటర్‌టౌన్‌లో ఇంటి నేలమాళిగే అతని స్టూడియో. రికార్డు కంపెనీ మాత్రం లాస్ ఏంజెలెస్‌లో పెద్ద స్టూడియోలో పని జరగాలంది. దాంతో మిగతా బృందం నిర్మాతతో కలిసి అక్కడ రికార్డింగులో ఉంటే, షోల్జ్ ఇక్కడ నేలమాళిగలో కూర్చుని ఆల్బమ్‌లో ఎక్కువ భాగం పూర్తిచేశాడు. గిటార్ మీద గిటార్ ఎక్కించాడు, జంట గిటార్లను ఒకదానికొకటి మూడో స్వరం దూరంలో నడిపించాడు, బ్రాడ్ డెల్ప్ గొంతును పొరలు పొరలుగా పేర్చాడు. ఒక్క అమెరికాలోనే ఆ ఆల్బమ్‌కు 1.7 కోట్ల ప్రతుల అమ్మకాల గుర్తింపు వచ్చింది. కార్పొరేట్ రాక్ అని తిట్టించుకున్న రికార్డు కార్పొరేట్ కళ్లుగప్పి తయారైనదన్నమాట!

1982లో షోల్జ్ ‘రాక్‌మ్యాన్’ అనే చిన్న గిటార్ యాంప్లిఫయర్ పెట్టెను తయారుచేశాడు. బెల్టుకు తగిలించుకుని హెడ్‌ఫోన్లలో వినొచ్చు. అదే పెట్టె డెఫ్ లెపర్డ్ బృందం 1987 ఆల్బమ్ ‘హిస్టీరియా’ గిటార్ల ధ్వనికి ఆధారమైంది. నిర్మాత మట్ లాంగ్ కొన్నిచోట్ల ఒక కార్డును కూడా కలిపి మీటనివ్వలేదు. ఒక్కో తీగెను విడిగా వాయింపించి తర్వాత కలిపాడు. ఆ ఆల్బమ్ పని మధ్యలోనే, 1984 చివరి రోజున, బృందం డ్రమ్మర్ రిక్ అలెన్ కారు ప్రమాదంలో ఎడమ చేయి కోల్పోయాడు. ఎడమ చేతి పని ఎడమ కాలితో తొక్కే పెడల్స్ మీదికి మార్చి, ఎలక్ట్రానిక్ డ్రమ్ముల మీద మళ్లీ సాధన చేశాడు. బృందం అతని కోసం ఆగింది. మూడేళ్లకు పైగా సాగిన ఆ పని నుంచి ఏడు పాటలు సింగిల్స్‌గా వచ్చాయి. ఆల్బమ్ మరీ నున్నగా ఉందనేవాళ్లతో నేను వాదించను. ఆ నునుపు కోసమే వాళ్లు అంత చెమటోడ్చారు.

1991లో నిర్వాణ బృందం ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చాక గాలి మారింది. రేడియోలు మొహం చాటేశాయి. నిర్వాణ పేరు నిలబెట్టిన పాటలోని గిటార్ వరస బోస్టన్ ‘మోర్ దేన్ ఎ ఫీలింగ్’ను పోలి ఉందని అప్పుడే అన్నారు. 1992 రీడింగ్ ఉత్సవంలో ఆ బృందమే వేళాకోళంగా బోస్టన్ పాటను కాస్త వాయించి తమ పాట అందుకుంది.

రేడియోలు వదిలేసినా, పాత ఆల్బమ్‌లు ఇప్పుడు కొత్త అట్టల్లో మళ్లీ వస్తున్నాయి. వాటిలో సగం అభిమానం, సగం వ్యాపారం. అసలు టేపు దొరకడమే ఒక సమస్య. డెబ్భైలు, ఎనభైల నాటి కొన్ని టేపుల్లో పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకుని జిడ్డెక్కుతుంది. అలాగే తిప్పితే పూత ఊడొస్తుంది. అందుకే సుమారు 54 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి, ఆరిన వెంటనే డిజిటల్‌లోకి ఎక్కిస్తారు. 2008లో హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోస్ అగ్నిప్రమాదంలో కాలిపోయిన మూల టేపులకైతే ఆ వైద్యం కూడా లేదు.

అంతకంటే పెద్ద బెడద మోత. చిన్న శబ్దాలను లేపి, పెద్దవాటి తలలు నరికి, అంతా ఒకే ఎత్తుకు తెచ్చే రీమాస్టర్లు కోకొల్లలు. మెలోడిక్ రాక్‌కు ఇది ప్రాణాంతకం. చరణమే పల్లవంత మోగితే ఇక ఎక్కడానికి మెట్టేది? బోస్టన్ మొదటి రెండు ఆల్బమ్‌లను 2006లో షోల్జ్ తానే కూర్చుని రీమాస్టర్ చేశాడు. ‘హిస్టీరియా’ నిడివి గంట దాటింది. అప్పట్లో అంతా ఒకే ఎల్‌పీలో కుక్కారు. గాళ్లు ఇరుకైతే శబ్దం మట్టం, అడుగు నాదం తగ్గక తప్పదు. ముప్పయ్యేళ్లకు 2017లో రెండు ఎల్‌పీలుగా వేశారు. రీఇష్యూకు అర్థం ఉందంటే అలాంటిచోటే.

ఇక కొత్త ఆల్బమ్‌లు ఎక్కువగా యూరప్ చిన్న కంపెనీల నుంచి వస్తున్నాయి. ఇటలీలోని నేపుల్స్‌లో 1996లో పుట్టిన ఫ్రాంటియర్స్ కంపెనీ పేరే జర్నీ 1983 ఆల్బమ్ పేరు. స్వీడన్‌లో ఉప్లాండ్స్ వేస్బీ అనే ఒకే ఊరు ముందు ‘ది ఫైనల్ కౌంట్‌డౌన్’ పాడిన యూరప్ బృందాన్ని, తర్వాత హీట్‌ను ఇచ్చింది. డెత్ మెటల్ పాడే బ్యోర్న్ స్ట్రిడ్ నైట్ ఫ్లైట్ ఆర్కెస్ట్రాలోకి వచ్చి కమ్మగా పాడతాడు. ‘ఆంబర్ గెలాక్టిక్’ (2017) వినండి, గొంతు అతనిదేనా అనిపిస్తుంది. అయితే కొత్తవాటిలో మంచివి ఎన్నో, ఒకే మూసలో పోసినవీ అన్ని. ఎక్కడో ఉన్న గాయకుడి చేతికి ఎవరో రాసిపెట్టిన పాటలు పంపి, ఎవరి ఇంట్లో వాళ్లు రికార్డు చేసి, ఫైళ్లు కలిపి ఆల్బమ్ అనిపించుకునే పద్ధతి బాగా ముదిరింది. షోల్జ్ కూడా ఒంటరిగానే చేశాడు కదా అనొచ్చు. అతను ఒక్క ఆల్బమ్ మీద ఏళ్లు గడిపాడు. మూడో ఆల్బమ్ 1986లో వచ్చేసరికి రెండోది వచ్చి ఎనిమిదేళ్లయింది.

మనవాళ్ల సంగతి చెప్పకుండా ముగించలేను. సిక్కింలోని గాంగ్‌టక్ వాడైన గిరీష్ ప్రధాన్, ‘గిరీష్ అండ్ ది క్రానికల్స్’ బృందంతో ఎనభైల గొంతును ఈ కాలానికి తెచ్చాడు. డాకెన్ బృందంలో వాయించిన జార్జ్ లించ్, జెఫ్ పిల్సన్ తమ ‘ది ఎండ్ మెషిన్’ కోసం అతన్నే పిలిచారు. ఆ ఆల్బమ్ ‘ది క్వాంటమ్ ఫేజ్’ 2024లో వచ్చింది. ముందు అది వినండి. పాత క్లాసిక్ రీఇష్యూ మీద డబ్బు పెట్టేటప్పుడు మాత్రం అట్ట రంగు చూడకండి. వెనక్కి తిప్పి రీమాస్టర్ ఎవరు చేశారో, ఏ టేపు నుంచి చేశారో చూడండి. ఆ రెండు వివరాలూ లేకపోతే పాత సీడీయే మేలు.