పాత అట్ట మీద రాత

పాత కాగితాల కట్టల వివరాలు తిరగరాసేవాళ్లని ముందుగా ఏడిపించేది జిల్లా పేరు. కారంచేడునే తీసుకోండి. 1904లో గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడేదాకా ఈ బాపట్ల వైపు ఊళ్లు కృష్ణా జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత గుంటూరు. 1970లో ఒంగోలు జిల్లా, రెండేళ్లకే దాని పేరు ప్రకాశం. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల. పాత జాబితాలో 'గుంటూరు జిల్లా' అని కనిపించిన ప్రతిచోటా 'బాపట్ల' అని మార్చేస్తే సరిపోతుందనుకునే వాళ్లున్నారు. కంప్యూటర్లో అది క్షణం పని. కానీ 1935 నాటి కాగితం పుట్టింది గుంటూరు కలెక్టరు కచేరీలో. ఆ ముక్క చెరిపేస్తే, దాని జత కాగితాలు ఎక్కడ వెతకాలో చెప్పే ఆధారం కూడా పోతుంది. ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో, కాగితం అప్పుడు ఏ జిల్లాలో పుట్టిందో, రెండూ రాయాలి.

ఒక ఫైలు సంగతి చెబుతాను. అది ఎవరి బీరువాలోదన్నది ఇక్కడ అనవసరం. గోధుమరంగు అట్ట, తుప్పుపట్టిన గుండుసూదులు, పైన ఊదారంగు సిరాతో ఒకే లైను: 'కారంచేడు గలాటా, 1985'. లోపల పత్రికల కత్తిరింపులు, దళిత మహాసభ కరపత్రాలు, సైక్లోస్టయిల్ చేసిన నిజనిర్ధారణ నివేదిక ఒకటి. 1985 జులై 17న ఊళ్లోని కమ్మ భూస్వాముల వర్గం మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపింది. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. దీన్ని గలాటా అని రాసిన చెయ్యి ఎవరిదో తెలీదు గానీ, ఆ అట్ట చూసి అసలు విషయం పోల్చుకోవడం ఎవరి తరం?

తేదీ కూడా తప్పే. ఫైల్లో చివరి కత్తిరింపు 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించినది. ఎవరో ఓపికగా చేర్చారు, అట్ట మీద మాత్రం దిద్దలేదు. ఇరవై మూడేళ్లు నడిచిన వ్యవహారం జాబితాలో ఒక్క ఏడాదికి కుదించుకుపోయింది.

ఇలాంటి కట్టల వివరణ ఎలా రాయాలో చెప్పడానికి అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి ఐఎస్ఏడీ-జీ అనే ప్రమాణం తెచ్చింది. రెండో కూర్పు 2000లో అచ్చయింది. వివరణకి అందులో 26 అంశాలున్నాయి. అన్నీ నింపనక్కర్లేదు. కోడు, శీర్షిక, ఎవరు తయారుచేశారు, తేదీలు, పరిమాణం, వివరణ స్థాయి, ఈ ఆరూ ఉంటే చాలు. నాకు అన్నిటికన్నా నచ్చేది చివరి భాగం: వివరణ రాసిందెవరు, ఏ నియమాల ప్రకారం రాశారు, ఎప్పుడు దిద్దారు అన్నది అక్కడ నమోదు చెయ్యాలి. మన దగ్గర అందరూ ఖాళీగా వదిలేసేదీ అదే.

నేనైతే ఆ ఫైలుకి శీర్షిక ఇలా పెడతాను: 'కారంచేడు మాదిగపల్లెపై దాడి, తదనంతర ఉద్యమం: పత్రికా కత్తిరింపులు, కరపత్రాలు, నివేదిక, 1985-2008'. గలాటా అన్న పాత పేరు చెరపను. కింద నోట్‌లో, ఫలానా ఏడాది మార్చామని తేదీ వేసి ఉంచుతాను. పాత పరిశోధనల్లో ఎవరైనా ఆ పేరుతోనే ఉటంకించి ఉంటే, వాళ్ల వెంట వచ్చేవాళ్లకి దారి తెలియాలి కదా. పైగా ఆనాడు ఒక గుమాస్తా దాన్ని ఎలా చూశాడన్నది కూడా చరిత్రలో భాగమే.

స్థలాల దగ్గర చీరాల, తెనాలి చేర్చాలి. బతికి బయటపడ్డవాళ్లు తలదాచుకున్నది చీరాలలో. బొజ్జా తారకం, కత్తి పద్మారావు నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది 1985 సెప్టెంబరు 1న తెనాలిలో. తెనాలి ఉద్యమాల మీద పనిచేసే పిల్లకి ఒక్క కారంచేడు పేరు మీదున్న ఫైలు ఎలా దొరుకుతుంది? 2023లో అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలే తెచ్చిన 'రికార్డ్స్ ఇన్ కాంటెక్స్ట్స్' నమూనా ఇలాంటి సంబంధాలు చూపించడానికే.

వివరణలో ఎవరి పేరు ఎక్కుతుందన్నది మనకి పాత తగాదానే. ఈ ప్రాంతాల కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, ఊరూరా తిరిగి సేకరించడంలో మెకంజీ దొర దగ్గర పనిచేసిన కావలి సోదరుల కష్టం ఎంతో ఉంది. 1828లో విల్సన్ అచ్చువేసిన కేటలాగుకి మాత్రం మెకంజీ పేరే. కారంచేడు ఫైలుకున్న పాత సూచికలోనూ పరామర్శకి వచ్చిన నాయకుల పేర్లున్నాయి, చనిపోయినవాళ్లవి లేవు. అవి చేర్చాలి. అత్యాచార బాధితుల పేర్లు మాత్రం ఎక్కించకూడదు. 1983లో ఐపీసీకి చేర్చిన 228-ఎ సెక్షన్ అది నేరమంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. పాత కత్తిరింపుల్లో ఎక్కడైనా ఆ పేర్లు అచ్చయి ఉన్నాయేమో, స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టేముందు తప్పక చూసుకోవాలి.

మన గ్రంథాలయాల్లో ఇప్పుడు డిజిటైజేషన్ జోరు మీదుంది, మంచిదే. గ్రంథపాలకులకి ఒక్క మనవి: అంతా కంప్యూటర్లోకి ఎక్కించేశాం కదా అని పాత స్టాకు రిజిస్టర్లనీ అట్టల్నీ తూకానికి వెయ్యకండి. ముందు పేజీ పేజీకీ ఫొటో తీయించండి. ఫోన్‌తో తీసినా చాలు.