అట్ట లేని సంచిక

ఈ నడుమ విశాఖపట్టణమున పాత కాగితములు కొను దుకాణమునందు వడ్డాది పాపయ్యగారి అట్టబొమ్మతో ఒక ‘చందమామ’ సంచిక మా కంటబడినది. 1947 జూలైలో ఆరంభమై నేడు నిలిచిపోయిన పత్రిక గనుక ఆశతో వెల యడిగితిమి. దుకాణదారుడు రెండు వెలలు చెప్పెను: అట్టకు ఒకటి, లోపలి పుటలకు మరియొకటి. అట్ట వెలయే ఎక్కువ. అద్దములో కట్టించుకొనుటకు దానిని మాత్రమే కొనువారు చాలమంది కలరట. సంచికను మొత్తముగా కొంటిమి గాని ఆ మాట మనస్సును వీడలేదు.

పాపయ్యగారి చిత్రములకు గిరాకి కలుగుట మాకు సంతోషమే. 1921లో శ్రీకాకుళమున జన్మించిన ఆయన ‘చందమామ’కును ‘యువ’కును వేసిన బొమ్మలు, చిత్రశాల గడప త్రొక్కి యెరుగని యిండ్లలోనికి వర్ణచిత్రమును తెచ్చినవి. ఆ స్త్రీమూర్తుల కన్నులు ఒక్కొకప్పుడు మితిమీరి విశాలములని మాకు తోచును. నీలపు నీడలలో పసుపును కలుపు నేర్పునకు మాత్రము చేతులు జోడింపవలసినదే.

అయినను ముఖచిత్రము గోడకొరకు వేసినది కాదు. 1950 దశకమున ‘చందమామ’ అట్టమీద యం.టి.వి. ఆచార్యగారు మహాభారతఘట్టములను చిత్రింపగా, లోపల ‘ముఖచిత్రం’ అను శీర్షికక్రింద ఆ ఘట్టపు కథను ముద్రించుచుండిరి. పిల్లవాడు బొమ్మను చూచి, ఈ వీరుడెవరని తల్లినడిగి, పిదప పుట త్రిప్పి చదువుకొనుటకై చేసిన యేర్పాటది. అట్ట నూడదీసినచో ఆ పుట సగమే మిగులును.

కత్తెర పట్టినవారు వీరొక్కరే కారు. సంచికలను సంపుటముగా కట్టునపుడు అట్టలను, ప్రకటనల పుటలను తీసివైచు ఆచారము గ్రంథాలయములలో చిరకాలము సాగినది. మేము చూచిన ‘భారతి’ సంపుటములలో పెక్కింటికి అట్టలు లేవు. వ్యాసములున్నవి గదా, కొరత యేమని పండితులు అడుగవచ్చును. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి అమృతాంజనము, కేసరిగారి లోధ్ర ఆనాటి పత్రికలకు ఎట్లు వెన్నుదన్నైనవో ఆ ప్రకటనలే చెప్పవలెను. ‘గృహలక్ష్మి’ వంటి పత్రిక లోపల స్త్రీల అభ్యున్నతిని బోధించుచు, వెలుపల వారికి ఏమి అమ్మజూపెనో తెలియనిచో ఆ కాలపు గృహిణి మనకు సగమే తెలిసినట్లు.

మా ఊరి ఉప్పుగాలి మరియొక శత్రువు. కుట్టిన ఇనుపతీగ త్రుప్పుపట్టి సంచిక వెన్నును తినివేయును. నునుపు కాగితపు అట్టలు తేమకు ఒకదానికొకటి అంటుకొనును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరమును తాకినపుడు మా కిటికీ విరిగి సంచికలు తడిసినవి. విడదీయబోగా ఒకదాని రంగులు మరియొకదాని వీపున నిలిచినవి! అందుచేత అట్టలను విడిగా దాచవలెననువారి భయము మేమెరుగుదుము. కాని త్రుప్పుతీగను తీసి నూలుతో కుట్టుట వేరు, బొమ్మను కోసికొని తక్కినది తూకమునకు వేయుట వేరు.

ఇప్పుడు పాత సంపుటములకు ఛాయాప్రతులు తీసి అంతర్జాలమున నుంచుచున్నారు. కట్టునాడు పోయిన అట్ట ఛాయాప్రతిలో తిరిగి రాదు. అట్టిచోట సేకరించువారి యింటిలోని అట్టయే దిక్కు. ఇదివరకే అద్దములో బిగించినవారు చట్రము వెనుక నెలయు సంవత్సరమును వ్రాసియుంచి, అడిగినవారికి ప్రతి తీసికొననిచ్చిన చాలును.

మేము కొన్న సంచిక అట్టవెనుక ఒక బాలిక తన పేరును, తరగతిని పెన్సిలుతో వ్రాసికొన్నది. చట్రములో బిగించినచో ఆ వైపు గోడకు చేరియుండును.